కొండ మీద కనపడని ఇల్లు

“అక్కా, కొంగలొచ్చాయి, చూడు చూడు!” అంది చెల్లెలు హెడ్‌సెట్‌లోంచి.

అక్క చూసింది. టీవీ తెర మీద, ఆటలో తన బొమ్మ, పసుపు గౌను వేసుకున్న పొట్టి మనిషి, ద్వీపం ఒడ్డున నిలబడి ఉంది. ఎదురుగా నీళ్ళు. నీళ్ళ వెనకాల, గోడకి సున్నం కొట్టినట్టు, ఒకటే తెల్లటి మబ్బు. కొంగ కాదు కదా, కొంగ ఈక కూడా లేదు.

“ఆఁ, భలే ఉన్నాయే!” అంది.

అబద్ధాలు అక్కడ మొదలయ్యాయి.

ఆ గేమింగ్ మెషీను అక్క మోజుపడి కొనుక్కున్నది కాదు. ఆమె భర్త లిఫ్టులు బాగుచేసే కంపెనీలో మెకానిక్కు. ఎప్పుడో వార్షికోత్సవం నాడు లక్కీ డ్రాలో వస్తే, తెచ్చి బీరువా మీద పడేశాడు. ఏ భవనంలో ఎవరు ఇరుక్కుపోయినా ఫోను అతనికే వస్తుంది కాబట్టి, అతను ఇంటికొచ్చే వేళకి ఒక పద్ధతంటూ లేదు. కూర చల్లారుతుంది, ఆమె వేడి చేస్తుంది, మళ్ళీ చల్లారుతుంది. పిల్లలు లేని ఇల్లు. మధ్యాహ్నం వంటగట్టు తుడిచి, గుడ్డ పిండి ఆరేశాక, ఆ ఇంట్లో నోరున్నది ఫ్రిజ్ ఒక్కటే.

చెల్లెలుండేది రైల్లో ఒక పూట ప్రయాణమంత దూరంలో. ఆసుపత్రి లాండ్రీలో షిఫ్టు ఇన్‌చార్జి. తడి దుప్పట్ల బండి లాగుతూ జారిపడి చీలమండ విరగ్గొట్టుకుంది. కాలికి కట్టుతో మంచానికి అతుక్కుపోయిన భార్యకి పొద్దుపోవాలని మరిది తన ఆటల మెషీను ఆమె చేతిలో పెట్టాడు. అంతే, అక్కకి ఫోను.

“మీ బీరువా మీద కూడా ఒకటుంది కదా, దింపు. ఇద్దరం కలిసి ఆడొచ్చు. ఆడుతూ మాట్లాడుకోవచ్చు కూడా.”

“ఈ వయసులో నాకు ఆటలేంటే?”

“నీ వయసు నేనెవరికీ చెప్పన్లే. దింపు ముందు.”

దింపింది. దుమ్ము దులిపింది. చెల్లెలు చెప్పిన ద్వీపం ఆట కొని అందులో పెట్టింది. ఏ బటన్ దేనికో తెలియక మొదటిరోజు తన బొమ్మని మూడుసార్లు నీళ్ళలో పడేసింది. చెల్లెలు నవ్వలేక చచ్చింది. కానీ వారం తిరిగేసరికి ద్వీపం ఇద్దరిదీ అయింది. చెట్లు కొట్టి కంచె వేశారు, కూరగాయలు పండించారు, చేపలు పట్టి అంగడివాడికి అమ్మారు. మధ్యాహ్నం అయ్యేసరికి అక్క హెడ్‌సెట్ పెట్టుకుని సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చునేది. లాండ్రీ కబుర్లు, మరిది మీద చాడీలు, లేని కొత్తిమీర కోసం ఫ్రిజ్ అంతా వెతికిన సంగతి, అన్నీ అందులోనే. ఫోనులో అయితే ఈ మాటలు రావు. ఫోనులో క్షేమసమాచారాలు అయిపోగానే పెట్టేయాలనిపిస్తుంది. చేతిలో పని ఉంటే నోరు దానంతటదే కదులుతుంది.

ఆ తరవాత ఆటకి పెద్ద అప్‌డేట్ ఒకటి వచ్చింది. ద్వీపం పెరిగిందన్నారు. అవతలి ఒడ్డు వచ్చింది, దాని మీద కొండ వచ్చింది, మధ్యలో వంతెన వచ్చింది. వచ్చినవన్నీ చెల్లెలి మెషీనులోకి వచ్చాయి. మరిది కొన్నది కొత్త మోడల్. అక్కది అదే పేరుతో వచ్చిన పాత మోడల్. అందులో చెట్ల ఆకులు కత్తెరతో కత్తిరించిన కాగితాల్లా అయ్యాయి. సముద్రం డైనింగ్ టేబుల్ మీది ప్లాస్టిక్ షీటులా అయింది. అంగడివాడు ఎదురైతే ముందు చొక్కా వచ్చేది, కాసేపాగి తల వచ్చేది. వంతెన దగ్గరికి వెళితే ఆటే ఆగిపోయి తెర నల్లబడేది. దూరంగా ఉన్నదల్లా మబ్బే.

మిగతా ఆటలు పెట్టి చూసింది. మెషీనుతో పాటు వచ్చిన కార్ల ఆట అద్దంలా ఉంది, చక్రానికంటిన బురద కూడా కనపడుతోంది. మరి దీనికేం రోగం?

చెల్లెలికి చెప్పొచ్చు. కానీ అక్కకి పుట్టుకతో వచ్చిన మాట ఒకటుంది: “నాకూ ఉందిలే.” చిన్నప్పుడు ఇంట్లో ఏదైనా ఒక్కటే వస్తే, అది దిండయినా గొడుగయినా, చెల్లెలి చేతిలో పెట్టి ఆ మాట అనేసేది. తనకి లేదని తెలిస్తే చెల్లెలు దాన్ని ముట్టుకోదు. కాబట్టి ఇప్పుడూ కొంగలు తనకీ ఉన్నాయంది. కాలు విరిగి పడుకున్న పిల్ల అంత సంబరంగా చూపిస్తుంటే మధ్యలో మబ్బు గొడవెందుకు?

ఒకటి చెప్పాక ఇంకొకటి చెప్పడం కష్టం కాలేదు. చెల్లెలి మాట వెనకే నడిస్తే చాలు. ఆమె లైట్‌హౌస్ అంటే “ఎంత ఎత్తో!” అనడం, పడవల పందెం అంటే ఏ పడవ ముందుందో ఆమె నోటి నుంచి వచ్చేదాకా ఆగి, ఆ పడవకే కేకలు పెట్టడం. వంతెన దాటుదామంటే మాత్రం పొయ్యి మీద పాలున్నాయనో, తలుపు ఎవరో కొడుతున్నారనో లేచిపోయేది. హెడ్‌సెట్ తీసేశాక, పొయ్యి మీద ఏమీ లేని వంటగదిలో కాసేపు ఊరికే నిలబడి వచ్చేది.

ఒకరోజు చెల్లెలు గొంతు తగ్గించి అంది. “అక్కా, నీ బొమ్మని ఒడ్డు చివరికి తీసుకెళ్ళు. ఆఁ, అక్కడే. ఇప్పుడు తల ఎత్తి కొండ మీదికి చూడు.”

మబ్బు.

“ఎన్నాళ్ళనుంచో కడుతున్నా. నీకు తెలియకుండా పొద్దున పూట కట్టా. ఎలా ఉంది?”

కట్టింది ఇల్లా, గుడా, గోపురమా? పట్టుకోవడానికి అక్కకి కొస దొరకలేదు. “చాలా బాగుందే,” అంది.

“అంతేనా?”

“చాలా చాలా బాగుంది. వంక పెట్టడానికి లేదు.”

అవతల ఎక్కడో మరిది గిన్నె కింద పెట్టిన శబ్దం వినిపించింది.

“వంక పెట్టడానికి లేదా?” అంది చెల్లెలు నెమ్మదిగా.

అక్క చేసిన తప్పు అదీ. ఆమె కంట్లో పడి వంక లేకుండా బయటపడిన వస్తువు ఇంతవరకూ పుట్టలేదు. చెల్లెలి పెళ్ళి ఫోటోల్లో పెళ్ళికొడుకు కాలరు మడత చూసిన మనిషి. కొత్త కర్టెన్లు చూపిస్తే ముందు అంచు కుట్టు తిరగేసి చూస్తుంది. చెల్లెలు పెట్టిన పేరే ఇన్‌స్పెక్టరమ్మ. ఆ ఇన్‌స్పెక్టరమ్మ కోసమే కిటికీలు నాలుగుసార్లు పీకి కట్టింది, ఎక్కడో ఒకచోట తిట్టకపోతుందా అని చెవులు రిక్కించుకుని కూర్చుంది.

“నువ్వసలు చూడనే లేదు,” అంది. “ఈ మధ్య చూస్తూనే ఉన్నా. అన్నిటికీ బాగుంది, భలే ఉంది. పక్కింటావిడతో మాట్లాడినట్టు. విసుగొస్తే విసుగొచ్చిందని చెప్పొచ్చు కదా, నన్ను బుజ్జగించడమెందుకు?”

“అది కాదే...”

ఆటలోంచి వెళ్ళిపోయింది. ఒడ్డున పసుపు గౌను బొమ్మ ఒక్కటే మిగిలింది.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఫోను చేస్తే ఎత్తదు. అక్క మధ్యాహ్నాలు హెడ్‌సెట్ పెట్టుకుని, కాగితపు ఆకుల కింద కూర్చుని చూసింది. టమాటాలు పండి ఎండిపోయాయి. ఒంటరిగా కోయబుద్ధి కాలేదు.

భర్త ఆ పూట ఎప్పుడూ లేనిది వేడన్నానికే వచ్చాడు. “ఏంటి, మీ చెల్లెలివాళ్ళ ద్వీపానికి సెలవా?”

“మెషీను సరిగ్గా లేదండీ.”

అతను చెవి ఆనించి విన్నాడు, వెనక చెయ్యి పెట్టి వేడి చూశాడు, లిఫ్టుని చూసినట్టే. “మెషీను నిక్షేపంలా ఉంది,” అన్నాడు. అంతలోనే ఫోను మోగింది, ఎవరో ఇరుక్కున్నారు. చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు.

మెషీనుని సంచీలో పెట్టుకుని అక్క బజారులోని ఆటల దుకాణానికి వెళ్ళింది. దుకాణదారు నిండు గడ్డం మనిషి. ఆటపేరు వినగానే నిట్టూర్చాడు.

“మీరు నాలుగోవారు మేడమ్. మెషీను తప్పు కాదండి. ఆట ముందు కొత్తదాని కోసం చేశారు. పాతదానికి ఏదో చేశామనిపించి చేతులు దులుపుకున్నారు. కంపెనీ పెద్దదే, డబ్బా మీద ముద్ర ఒకటే. లోపల సరుకు మాత్రం ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. కొని, పెట్టి చూస్తేగానీ తెలియదు.”

“పనికిరాని బియ్యం అంటగట్టినట్టు ఉంది.”

“బియ్యమైతే తిరిగిచ్చేస్తారు కదండీ,” అని నవ్వాడు. “కొత్త మోడల్ సరుకొస్తే చెప్తాను, ఇప్పట్లో రాదు. పాతదాంట్లో అయితే బాగా దగ్గరికెళితేనే వస్తువు కనపడుతుంది. అదీ వంతెన మీద ఆగిపోకుండా ఉంటే.”

దుకాణంలో చూపించడానికి పెట్టిన కొత్త మెషీనులో అదే ఆట పెట్టాడు. అక్క కళ్ళజోడు సరిచేసుకుంది. నీళ్ళ మీద ఎండ తునకలు. కొంగలు ఒక్కొక్కటీ కాళ్ళు వెనక్కి చాపి ఎగురుతున్నాయి, ఎగురుతున్న కొంగ నీడ కూడా నీళ్ళలో ఉంది. ఆవలి ఒడ్డు, లైట్‌హౌస్, కొండ. కొండ మీద గడ్డి గాలికి ఒక పక్కకి వాలుతోంది. అంత అందంగా ఉంటుందని ఆమె అనుకోలేదు. కానీ ఇది దుకాణంవాడి ద్వీపం. కొండ మీద ఏమీ లేదు, ఉత్త గడ్డి. దాన్నే చాలాసేపు చూసింది. “ఇంకెవరైనా చూడాలా?” అని ఆమే అడిగి, కంట్రోలర్ ఇచ్చేసి వచ్చింది.

ఇంటికి రాగానే మరిదికి ఫోను చేసింది.

“వదినా! కట్టు విప్పేశారు. రేపొక్కరోజే ఇంట్లో, ఎల్లుండి నుంచి తనకి డ్యూటీ,” అన్నాడతను. “ఇస్తా ఉండండి. కోపంగానే ఉంది, కాస్త చూసుకుని మాట్లాడండి.”

“చెప్పు,” అంది చెల్లెలు ముక్తసరిగా.

“నాకు నువ్వు కట్టింది కనపడలేదే.”

“అంటే?”

“మా మెషీనులో కొండే లేదు. ఒడ్డున నిలబడితే మబ్బు తప్ప ఏమీ లేదు.”

“మరి చూశానన్నావు?”

“అన్నాను.”

“కొంగలో?”

“లేవు.”

“పడవల పందెం రోజు ఎర్ర పడవకి గొంతు చించుకున్నావు కదక్కా!”

“నువ్వు ఎర్రదన్నావని నేనూ అన్నా.”

తిడుతుందని అక్క చూసింది. నవ్వుతుందేమోనని కూడా చూసింది.

“అయితే ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే చూస్తున్నానా?” అంది చెల్లెలు.

అక్క మబ్బు తనకొక్కదానికే ఉందనుకుంది ఇన్నాళ్ళూ. ఒడ్డున పక్కనే మనిషి ఉందనుకుని, అటు చెయ్యి చూపిస్తూ, ఒక్కతే నిలబడిన చెల్లెలి సంగతి ఆమెకి తట్టనే లేదు.

“కనపడట్లేదని ఒక్క మాట అంటే, ఎలా ఉందో నేను చెప్పేదాన్ని,” అంది చెల్లెలు. “కూర్చుని పూసగుచ్చినట్టు చెప్పేదాన్ని. నాకింకేం పనుంది? అదీ లేకుండా చేశావు.” ఫోను మరిది చేతికిచ్చేసింది.

మర్నాడు మధ్యాహ్నం అక్క ఆశ లేకుండానే హెడ్‌సెట్ పెట్టుకుంది. ఒడ్డున నీలం టోపీ బొమ్మ ఉంది. చెల్లెలిది. ఎంతసేపటినుంచి ఉందో.

“వంతెన దాటుదాం పద,” అంది చెల్లెలు. పలకరింపు లేదు. “పాలున్నాయా పొయ్యి మీద?”

“లేవు.”

నడిచారు. వంతెన మధ్యలో ఆట బిగుసుకుపోయింది, తెర నల్లబడింది, చెల్లెలి గొంతూ పోయింది. అక్క మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ మొదటి ఒడ్డునే తేలింది. చెల్లెలి బొమ్మ వంతెన మీదనుంచి వెనక్కి వచ్చి పక్కన నిలబడింది. రెండోసారీ అంతే. మూడోసారి వంతెన దాటారు. మెషీను ఫ్యాను ఇల్లంతా రొద పెడుతోంది. ఒక్కో అడుగూ ఆగి ఆగి పడుతోంది. కాళ్ళ కింద నాలుగు గడ్డిపోచలు, వాటి అవతల తెలుపు. నీలం టోపీ రెండడుగులు ముందుకెళితే అదీ కనపడటం లేదు.

“నన్నొదిలి ముందుకెళ్ళకు,” అంది అక్క.

నీలం టోపీ ఆగింది.

“ఎక్కుతున్నాం. మెట్లు మొదలయ్యాయి, రాతివి. కుడివైపు గోడ ఉంది, నడుమెత్తు. నీకు?”

“లేదు.”

“ఇంకో రెండు మెట్లు. ఇప్పుడు?”

“లేదే.”

“సరే. తలుపు ఆకుపచ్చది. పక్కన కిటికీ. ఇప్పుడు?”

అక్క తెరకి దగ్గరగా వంగింది. తెలుపులో ఏదో కాస్త ముదురుగా ఉంది. ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది.

“ఏదో ఉంది. గోడో మబ్బో తెలియట్లేదు.”

“తొందరేం లేదు,” అంది చెల్లెలు. “ఇంకొంచెం ముందుకి రా. ఇప్పుడు?”

“లేదు,” అంది అక్క.