ఏడో నీళ్ళు

"రెస్టేగా ఇవాళ, ఆ దుప్పట్లు కూడా ఉతికెయ్" అన్నాడు మా ఆయన, పేపర్లోంచి తల ఎత్తకుండా.

రెస్ట్ అనే ఇంగ్లీషు మాటకి విశ్రాంతి, మిగిలినది అని రెండర్థాలు. మా ఇంట్లో రెండోదే చెల్లుతుంది. మిగిలిన పనంతా నాదే.

ఈ సెలవు నేను అడిగింది కాదు. నిన్న సాయంత్రం మా మేనేజరు తెగ ప్రేమగా, "రేపు మన నీళ్ళ శుద్ధి చూడ్డానికి హెడ్డాఫీసు పెద్దవాళ్ళొస్తున్నారు. మీరు రాకపోయినా పర్లేదమ్మా, రెస్టు తీసుకోండి. పద్ధతంతా రాసిచ్చారుగా, నేను చూసుకుంటా" అన్నాడు. నేను రాసిన కాగితం చివర నా పేరుండేది. టైపయి వచ్చేసరికి ఆయన పేరుంది. పైగా తప్పులు దిద్దమని నాకే ఇచ్చాడు. దిద్దాను. ఆయన పేరులో ఒత్తు పోతే అది కూడా పెట్టాను! ఎందుకు పెట్టానో అడక్కండి, నాకే తెలీదు.

నేను చమురు శుద్ధి చేసే ఫ్యాక్టరీ ల్యాబులో అసిస్టెంటుని. నూనె కలిసిన మురికినీళ్ళని కాలవలోకి వదిలేముందు తేటపరచడం మా పని. గింజలు ఒలిచి పారేసిన మొక్కజొన్న కండెల్ని మూత బిగించిన డ్రమ్ములో గాలాడకుండా కాల్చి, ఆ బొగ్గుపొడిని గొట్టంలో దట్టించి మురికినీళ్ళు పోస్తే, నూనె బొగ్గుకి అంటుకుంటుంది. అది కుదరడానికి రెండేళ్ళు పట్టింది. మూత తీస్తే బూడిద, తీయకపోతే బొగ్గు. కాపురం గురించి కాదండోయ్, కండెల గురించే.

"బొగ్గుకి అంత చదువెందుకే? మా రోజుల్లో కూర మాడితే అదే వచ్చేది" అంటుంది మా అత్తగారు.

సింకులో చేతులుండగా ఫోను మోగింది. మేనేజరు.

"ఏమ్మా, నీళ్ళు తారులా దిగుతున్నాయి! అందరూ ఇక్కడే నిలబడి చూస్తున్నారు. కాగితంలో ఉన్నది ఉన్నట్టే చేశాం. ఏం వదిలేశారు?"

నీళ్ళు శుద్ధి చేయాల్సినాయన నీళ్ళు నములుతున్నాడు.

"ఏం లేదు సార్" అన్నాను. అలవాటు. పొద్దుటినుంచీ ఏం చేశావని మా ఆయన అడిగినప్పుడల్లా ఇరవయ్యేళ్ళుగా ఇచ్చే జవాబు అదే.

చేతిలోని పళ్ళెం మీంచి నురగ జారింది. అప్పుడు తట్టింది. కడగడం! బొగ్గుపొడిని గొట్టంలో వేసేముందు ప్రతిసారీ ఏడు నీళ్ళు పోసి కడిగేదాన్ని. మొదటి నీళ్ళు కాటుక, ఏడో నీళ్ళు అద్దం. కాగితంలో కండెల బరువు రాశాను, వేడి రాశాను, ఎన్ని నిమిషాలో రాశాను. కడగడం రాయలేదు. ఏమో, అది పని అనే తోచలేదేమో. మరి దిద్దేటప్పుడు? ఒత్తు కనబడిన కళ్ళకి అంత పెద్ద పని ఎలా కనబడలేదు? మరిచానా, దాచానా? నా కడుపులో మాట నాకే అందడం లేదు.

"అమ్మా, ఉన్నారా?" అన్నాడు మేనేజరు.

"కడగాలి సార్" అన్నాను మెల్లగా.

"ఏది? ఎలా? చెప్పండి, రాసుకుంటా."

మా ఆయన పేపరు మడిచాడు. "చెప్పేయ్. కడగడమేగా, అదీ ఓ పనేనా?"

ఆయన ఆ మాట అనకపోతే నేను చెప్పేసేదాన్నే.

"రాసుకుంటే రాదు సార్. నేనే వచ్చి కడుగుతాను, వాళ్ళ ముందే. నేనొచ్చేలోగా కాగితం మీద నా పేరు మళ్ళీ టైపు చేయించండి."

అవతల ఎవరో గొంతు సవరించుకున్నారు.

"సరే... రండమ్మా."

చేతులు తుడుచుకున్నాను. గెలిచానా, దొంగతనం చేశానా అన్నది ఇంకా తేలలేదు.

"మరి ఈ గిన్నెలు?" అంది అత్తగారు.

మా ఆయన గుమ్మందాకా వచ్చాడు. "దుప్పట్లు ఎన్నిసార్లు జాడించాలి? సబ్బెంత వెయ్యాలి? అదేదో కాగితం మీద రాసిచ్చి వెళ్ళరాదూ!"

"ఒకసారి రాసిచ్చానుగా" అని చెప్పులేసుకున్నాను.