రంద చప్పుడు

విన్సెంట్ చిత్రిక పట్టే రంద అడుగును ఉప్పుకాగితం మీద రుద్దుతూనే ఉన్నాడు. మట్టెవాడ సందులో మొండయ్య ఇంటి వరండా అది. తలుపు అవతలే మంచం మీద, విన్సెంటుకు వడ్రంగం నేర్పిన ఆ ముసలాయన. ఇక ఇంటికి తీసుకుపొమ్మని దవాఖాన వాళ్ళు పంపేసిన మనిషి. బతుకంతా తన చేతుల్లో మెసలిన తుమ్మచెక్క రంద ఒక్కసారి కర్ర మీద నడుస్తుంటే వింటానన్నాడు. విన్సెంటును ఇంకేమీ అడగలేదు. కరెంటు మిషన్లొచ్చాక ఆ రంద అటకెక్కి, ఎండి, వంగిపోయింది.

పొద్దుటి నుంచి లోపల ఊపిరి గురగురమంటోంది. అది ఆగినప్పుడల్లా విన్సెంట్ చేతులూ ఆగుతున్నాయి. మళ్ళీ గురగుర వినబడితే మళ్ళీ రుద్దుడు.

అడుగు సమమైంది. సాన పట్టిన బ్లేడు పెట్టి, దాన్ని పట్టి ఉంచే చెక్క చీల కొట్టి బిగించాడు. టేకు పలక మీద తోశాడు. రంద టకటకా ఎగిరి గీతలు పెట్టింది.

లోపల మొండయ్య దగ్గాడు. "ఇన్సెంటూ, చీల తీసి రుద్దినవారా?"

విన్సెంట్ నాలుక కరుచుకున్నాడు. చీల బిగిస్తే రంద దిమ్మ అడుగు కాస్త ఉబ్బుతుంది. అందుకే బ్లేడు వెనక్కి జరిపి, చీల బిగించి ఉంచే రుద్దాలి.

"తొందరల మర్సిన పెద్దబాపూ."

"యాభై ఏండ్లొచ్చినయ్. నేను పోయినంక నిన్నెవడు తిట్టాలె?"

"గా ఫికర్ నీకెందుకు, పెద్దమ్మ ఉన్నది గదా."

సమ్మమ్మ నవ్వబోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చెంచాతో భర్త పెదవులు తడిపి, గుమ్మంలోకి వచ్చి మెల్లగా అంది. "జర జల్ది, బిడ్డా."

మళ్ళీ మొదటి నుంచి. చెమట కంట్లోకి దిగుతోంది. తొందరపడితే పని చెడుతుంది, ఆలస్యమైతే మనిషే పోతాడు. పళ్ళు బిగించి, ఒకే బరువుతో రుద్దాడు.

తోశాడు.

"బ్లేడు జరంత ఎక్కువైంది." ఈసారి గొంతు చాలా సన్నగా వచ్చింది.

బ్లేడు కాస్త లోపలికి జరిగేలా దిమ్మ వెనక సుత్తెతో చిన్న దెబ్బ వేసి, మళ్ళీ తోశాడు. సర్‌ర్‌మని, కొత్త బట్ట చింపినట్టు, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే పొర లేచి చుట్టుకుంది.

"ఇంటున్నవా పెద్దబాపూ?"

జవాబు లేదు. విన్సెంట్ పొంగిపోయాడు. పని చెడితేనే నోరు తెరిచే మనిషి మొండయ్య. కుదిరితే పలకడు. ఇన్నేళ్ళలో విన్సెంటుకు ఆయన దగ్గర దొరికిన మెప్పంతా ఆ మౌనమే. ఇంకోసారి తోశాడు, మరోసారి తోశాడు. పలక నిండా నునుపు తేలేదాకా ఆపలేదు.

ఆపాకే తెలిసింది, లోపల గురగుర లేదని.

సమ్మమ్మ మంచం పట్టె మీద కూర్చునే ఉంది.

"నువ్వు ఆపుతవని పిలువలే," అంది. "చప్పుడు మంచిగైనంక కండ్లు మూసిండు. ఇంకింత ఇననీ అనుకున్న."

ఆయన చెవి మీంచి పెన్సిలు ముక్క తీసి కిటికీ గూట్లో పెట్టింది. పొద్దున ఆయన అడిగితే కత్తిపీట మీద తానే చెక్కి ఇచ్చిన ముక్క. మొన వంకరగా వచ్చినా, మొండయ్య చూసి, ఏమీ అనకుండా చెవిన పెట్టుకున్నాడు.