పైది తియ్యి

అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే మీరే సర్దుకుని చదవండి. నా చెయ్యిది నత్తనడక. కథ మాత్రం పరుగే.

డ్రమ్ములు వాయించే మనిషి జ్వరంతో మంచం పట్టాడని మధ్యాహ్నం కబురొచ్చింది. సాయంత్రమే డాన్సు పోటీ. దరువు లేకపోతే పోటీ జాబితాలోంచి మరదలి పేరు కొట్టేస్తానని డాన్సు మాస్టారమ్మ తేల్చి చెప్పేసింది. మరదలు ఏడుపు మొహంతో వదిన రేడియో రిపేరు కొట్లోకి వచ్చి పడింది.

వదిన చేతులు ఊరుకోలేదు. పాత సామాన్లలో కొన్న, కరెంటుతో శబ్దాలు పుట్టించే సింథసైజరు పెట్టెను దుమ్ము దులిపి బల్ల మీద పెట్టింది.

"దీనికి తోలూ లేదు, పుల్లా లేదు. ఏం వాయిస్తావు వదినా?"

"హోరు వాయిస్తా. స్టేషను దొరకనప్పుడు రేడియో హోరుమంటుందే, అదే. అందులో అన్ని శబ్దాలూ కలిసే ఉంటాయి. కావలసింది ఉంచుకుని మిగతాది ఫిల్టరుతో ఆపేస్తాం. జల్లెడ అనుకో."

పెద్ద డ్రమ్ము తొందరగానే కుదిరింది. హోరులో కింది శబ్దం, అంటే బొంగురుది మాత్రమే ఉంచి టక్కున ఆపేస్తే "ధమ్" మంది. చిన్న డ్రమ్ముతోనే చిక్కొచ్చింది. ఎంత తిప్పినా "బుఫ్" మంటోంది.

"నీ డ్రమ్ముకి జలుబు చేసింది," అంది మరదలు ముక్కు చీదుకుంటూ.

వదిన ఊడిన తీగను అతుకుతోంది. రెండు చేతులూ ఖాళీ లేవు. "పైన ఇంకా బరబరమంటోంది. పైది తియ్యి!" అని కేకేసింది. పై శబ్దం, అంటే కీచుది, ఆపెయ్యమని ఆమె ఉద్దేశం. తీసుకోమందనుకుంది మరదలు. కిందిదంతా ఆపేసి, పైదొక్కటే వదిలి మీట నొక్కింది.

"ఛట్!"

బల్ల మీది మరలు ఎగిరినంత పనైంది.

"ఏం చేశావే?"

"పైది తీశాను. నువ్వేగా చెప్పావు!"

"తీసెయ్యమన్నానే తింగరిదానా!"

"అయితే మళ్లీ మార్చెయ్యనా?"

"ముట్టుకున్నావంటే వేళ్లు విరగ్గొడతా!"

ఇక వాళ్లను పట్టేవాళ్లు లేరు. ధమ్, ఛట్! హోరును ఇంకా పొట్టిగా తెంపితే టిక్‌టిక్‌మని తాళాలు. మరదలి కాళ్లు వాటంతటవే లేచాయి. వీధిన పోయేవాళ్లు గుమ్మంలో మూగారు, వాళ్లలో నేనూ ఒకదాన్ని.

వాళ్లను తోసుకుంటూ మాస్టారమ్మ వచ్చింది. "డ్రమ్ములేవి?" అంది. వదిన పెట్టె చూపించి మీట నొక్కింది.

మాస్టారమ్మ కళ్లు మూసుకుని విన్నది. తర్వాత మరదలి వైపు తిరిగింది. "దరువు అక్కడ, నీ పాదం ఇక్కడ! మళ్లీ మొదటి నుంచి!"

తిట్టు పడిందంటే పేరు ఉన్నట్టే. మరదలు గంతేసింది. వదిన పెట్టెను చంకనెత్తుకుని, కొట్టుకు తాళం వెయ్యడం కూడా మరిచి, వాళ్ల వెంట పరుగెత్తింది.

అందరూ నన్ను పెద్దమ్మ అంటారు. వయసు అరవై ఏడు. ఇప్పుడు మనవరాలి దగ్గర, మేడ మీది చిన్న గదిలో ఉంటున్నాను.