ఎడమ వైపు పతకాలు

ఏప్రిల్ ఇరవై ఐదు. యుద్ధాలలో సేవ చేసినవారి సంస్మరణ దినం. ఆస్ట్రేలియాలోని ఆ చిన్న పట్టణంలో కవాతుకు జనం బారులు తీరారు. స్వయంగా యుద్ధానికి వెళ్ళినవారు పతకాలను ఎడమ రొమ్మున ధరిస్తారు. గతించినవారి తరఫున వచ్చిన బంధువులు కుడి రొమ్మున. ఈ నియమం అక్కడ పసిపిల్లలకు సైతం తెలుసు.

కిందటేడే ఆ ఊరికి మారిన థెల్మా, ఎడమ రొమ్మున పతకాలతో, వియత్నాం యుద్ధానికి వెళ్ళినవారి వరుసలో వచ్చి నిలబడింది. నలభై ఏళ్ళుగా ఆమె, స్నేహితురాలు కోరల్ ఏ ఊళ్ళో ఉన్నా ఈ రోజు కవాతును కాలిబాట మీద నుంచే చూశారు. మొన్నటి చలికాలంలో కోరల్ కన్నుమూస్తూ, "ఒక్కసారైనా మనవాళ్ళతో కలిసి నడవవే" అంది. థెల్మా సరేనని మాటిచ్చింది. ఆ మాట కోసమే ఆమె వచ్చింది.

కవాతు బాధ్యత చూసే డెస్ కుంటుకుంటూ దగ్గరకు వచ్చాడు.

"ఏమ్మా, పొరపాటున ఎడమవైపు పెట్టుకున్నట్టున్నావు. మీ ఆయనవి కుడివైపు ఉండాలి. బంధువులు వెనకాల, అదిగో ఆ బేకరీ దగ్గర."

"నాకసలు పెళ్ళే కాలేదు."

"అయితే మీ అన్నయ్యవా?"

"డెస్, ఇక తాతముత్తాతల దాకా వెళ్తావా ఏం?" అని వరుసలో ఎవరో నవ్వారు.

థెల్మా చెయ్యి పిన్నుమీదకు వెళ్ళింది. అటునుంచి ఇటు మార్చుకుంటే గొడవే ఉండదు. కానీ అలా నడిస్తే కోరల్‌కిచ్చిన మాట నిలబడదు. చెయ్యి దించేసింది.

"నీ కాలికి ఆ దెబ్బ ఎక్కడ తగిలింది?"

"వియత్నాంలో. వుంగ్‌టౌ ఆసుపత్రిలో వారాల తరబడి పడున్నా."

"కట్లు ఎవరు కట్టారు?"

"అక్కడి నర్సమ్మలు."

"వాళ్ళు ఎక్కడుండి కట్టారయ్యా? సిడ్నీలో వాళ్ళింటి వసారాలో కూర్చునా? నేనూ, నా స్నేహితురాలు కోరల్ కూడా ఆ ఆసుపత్రిలోనే పనిచేశాం. ఇవి నావే."

డెస్ తన కాలి వైపు చూసుకున్నాడు. సాక్ష్యం అతని ఒంటిమీదే ఉంది. అయినా యుద్ధం అనగానే అతని మనసు ఇన్నాళ్ళూ మగవాళ్ళనే లెక్కపెట్టింది. పాతుకుపోయిన నమ్మకానికి కళ్ళెదుటి నిజం కూడా ఆనదు.

అతను టోపీ తీశాడు. "తప్పయిపోయిందక్కా. ముందు వరుసలోకి రా."

"ముందుకేం వద్దు. నా చోటు ఇదే."

డెస్ వరుస వైపు తిరిగాడు.

"ఒరే, అందరూ వినండి. నన్ను బతికించినవాళ్ళనే నేను లెక్కలో వేసుకోలేదు. ఎవరు యుద్ధానికి వెళ్ళొచ్చారో మొహం చూసి తేల్చకండి, అడగండి. మరిచిపోమని ఏటా ఒట్టు పెట్టుకుంటున్నాం. ముందు గుర్తించనివాళ్ళను మనం ఏమని గుర్తుంచుకుంటాం?"