చెదలకుండ

శరత్కాలారంభమున విరళమేఘావృతమగు గగనమునుండి జారిన ప్రాతఃకాలపు లేయెండ వర్షధారాక్షాళితములై మిసమిసలాడు తోటకూర మడులపైనను నీరు తీసిన చోడిచేలపైనను పరచుకొని యుండ నాగావళీతీరమందలి యొకానొక గ్రామమున గృహిణులెల్లరు తమ తమ కోళ్లగూళ్ల తలుపులు తెరచుచుండిరి.

ఆ గ్రామమున సింహాద్రమ్మ కోళ్లకు గల ప్రఖ్యాతి యింతంత కాదు. అంగడి దాణా గింజయైనను తన దొడ్డి గడప దాటదనియు నూకలును చోళ్లును ఆకుకూరలును చెదపురుగులును దక్క తన కోళ్లు వేరొండు రుచి యెరుగవనియు ఆమె నలుగురిలో ఘనముగా చెప్పుకొనుచుండ బాలింతలును జ్వరము విడిచినవారును ఆమె యింటి గ్రుడ్లనే కోరుచుండిరి. పొగడ్త యెవరికి చేదు?

పొరుగింటి యెర్నమ్మ భర్తను పోగొట్టుకొనిన పిదప నాలుగు కోళ్లను నమ్ముకొని బ్రతుకు వెళ్లదీయు నిరుపేదరాలు. ఆమె సింహాద్రమ్మ మాటను వేదవాక్కుగా నెంచి యింటనున్న దాణా పారబోసి ప్రాతకుండలో తడిగడ్డియు ఎండుపేడయు కూరి పుట్టప్రక్క బోర్లించి మరునాడు దాని నిండ చేరిన చెదలను కోళ్లకు వేయుచుండెను. వానలు ముదిరి పుట్టలు నానిపోయి చెదలు కరవైనంతనే ఆమె కోళ్లు గ్రుడ్లు పెట్టుట మానెను. సింహాద్రమ్మ కోళ్లు మాత్రము మానలేదు.

కారణము సింహాద్రమ్మ యొక్కతెకే తెలియును. గ్రుడ్లు తగ్గిన తన పేరు పోవునని బెదరి ఆమె పట్టణమునుండి దాణా బస్తా తెప్పించి కొట్టుగదిలో దాచి తాళము వేసి యిరుగుపొరుగువారు లేవకమునుపే చాటుగా వేయుచుండెను. వానలు వెలిసినంతనే మానుదునని తన్ను తాను సమాధానపరచుకొనెను గాని వెలిసిన పిదపను మానలేదు.

నాటి యుదయమున యెర్నమ్మ చంకను కోళ్లగంపయు చేత చెదలకుండయు గొని వచ్చి గంప దింపెను.

“నా సెయ్యి మంచిది కాదప్పా. మొగుణ్ణి మింగినదాన్నంటారు కదా, నిజమే కావాల. నీ దొడ్లోనైతే తిన్నది ఈటి ఒంటికి అంటుతాది. ఉంచుకో.”

సింహాద్రమ్మ తాళము వేసిన కొట్టుగదివైపు ఒకమారు చూచెను. 

“సర్లేయే, ఉండనీ” అని గొణిగెను.

యెర్నమ్మ సంతసించి వానల పిదప తొలిసారి నిండిన ఆ కుండను సింహాద్రమ్మ కోళ్లకు కానుకగా దొడ్డినడుమ దులిపెను. బలిసిన ఆ కోళ్లు వచ్చి చూచి ఒక్కమారు పొడిచి విముఖములై మరలినవి. దిగులుపడి సింహాద్రమ్మ వానిని అదలింపబోవ ఆమె మొలనున్న తాళపుచెవులు గల్లుమనెను. అంతట కోళ్లన్నియు రెక్కలు విప్పుకొని యొండొంటిని త్రోసికొనుచు కొట్టుగది తలుపుకడకు పరుగెత్తి చెక్కను పొడువసాగినవి. గడపసందున రాలియున్న పచ్చని దాణా గుళికనొకదానిని యెర్నమ్మ వంగి తీసికొనెను.

భూమి చీలి తన్ను మింగిన బాగుండునని సింహాద్రమ్మకు తోచెను. తిట్టునని యెదురుచూచెను. యెర్నమ్మ తిట్టలేదు. గుళికను చూచి తన కుడిచేతిని అటునిటు త్రిప్పి చూచుకొని మెల్లగా నడిగెను.

“అయితే నా సెయ్యి మంచిదేనా అప్పా?”

ఆ మాటలో కోపము లేకుండుటయే సింహాద్రమ్మను నిలువున కాల్చెను.

“మంచిదేనే, చెల్లీ. పాడుబుద్ది నాది.”

యెర్నమ్మ గంపమూత తీసెను. బక్కచిక్కిన ఆమె కోళ్లు దుమికి చెదలను ఆబగా తినుచుండ సింహాద్రమ్మ తాళపుచెవులు మరల మ్రోగకుండ గుప్పిట బిగించుకొని తలవంచి నిలిచెను. ఆమె కోళ్లు మాత్రము ఆ తలుపును విడువక యింకను పొడుచుచునే యుండెను.