గగుర్పాటు వైద్యం

కెనడాలోని గ్వెల్ఫ్‌లో బయాలజీ మాస్టర్స్‌లో చేరేనాటికే నా నడినెత్తి పలచబడిపోయింది. అలాంటివాడికి మా ప్రొఫెసర్ ఇచ్చిన అంశం వెంట్రుకల కుదుళ్ళు! చలికి ఒళ్ళు గగుర్పొడిచినప్పుడు నరాల చివర్లు నారడ్రినలిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. కుదుళ్ళలో నిద్రపోతున్న మూలకణాల మీద దాన్ని అందుకునే రిసెప్టర్లుంటాయి. అది అందగానే కణాలు మేలుకుని కొత్త వెంట్రుక మొదలవుతుంది. ఇదంతా ఎలుకల్లో తేలింది. 'ఎలుకల్లో' అన్న మాటను మాత్రం చదవనట్టు దాటేశాను.

ఆ జనవరిలో టోపీ మానేశాను. బస్సులు నాలాంటి స్టూడెంట్లతో కిక్కిరిసి స్టాపులో ఆగకుండా పోయేవి. అదీ మంచిదేనని నెత్తిన మంచు పడనిస్తూ నిలబడేవాణ్ణి.

మా ఇంటి ఓనర్ లక్ష్మీకాంతం ఆంటీ కారులోంచి చూశారట. ఆదివారం నేను అద్దెకుండే బేస్‌మెంట్‌లోకి దిగి, "డబ్బుకి ఇబ్బందిగా ఉంటే చెప్పకూడదూ, హర్షా? మన తెలుగు గ్రూపులో మెసేజ్ పెట్టా" అంటూ సంచీ బోర్లించారు. అన్నీ టోపీలే. ఒకటి చంటిపిల్లలది, కుందేలు చెవులతో.

సిగ్గుతో చచ్చి, నిజం చెప్పేశాను. ఆంటీ నవ్వాపుకోలేక మెట్ల మీద కూలబడ్డారు. ఆమె వెనకే దిగొచ్చిన భర్త శేషగిరి అంకుల్ మాత్రం నవ్వలేదు. ఆయనది నున్నటి గుండు.

"ఆ రిసెప్టర్లు నాకింకా మిగిలుంటాయంటావా?"

"ఉండొచ్చంకుల్" అన్నాను, పెద్ద సైంటిస్టులా గొంతు సవరించుకుని.

మర్నాడు ఆయన కారు ఇంట్లో వదిలేసి నా పక్కన స్టాపులో బోడితలతో నిలబడ్డారు.

"ఏమైనా తెలుస్తోందా?" అన్నారు, పళ్ళు టకటకలాడుతుంటే.

"వణుకొస్తోందంకుల్. అంటే పనిచేస్తున్నట్టే!"

వారం తిరక్కుండా నా కుడిచెవి అంచు తెల్లబడి మొద్దుబారింది. ఆంటీయే క్లినిక్‌కు తీసుకెళ్ళారు. కారణం విని డాక్టరు టైప్ చేయడం ఆపేసింది.

"గగుర్పాటు ఒళ్ళంతా వస్తుందిగా! టోపీ పెట్టుకుని కూడా వణకొచ్చు" అంది.

ఇంత చదివినా నాకది తట్టలేదు.

చెవి పొట్టు రాలింది, నెత్తిన మాత్రం ఏమీ మొలవలేదు. అంకుల్ ఓ సాయంత్రం పరుగున దిగొచ్చారు.

"హర్షా, చూడు, వచ్చాయి!"

వంగి చూశాను. ఆయన చెవిలో రెండు తెల్ల వెంట్రుకలు. నేనీ ఇంట్లో చేరినరోజు నుంచీ చూస్తున్నవే.

"బాగా ఒత్తుగా ఉన్నాయంకుల్" అన్నాను.