ఎడమ భుజానికి పనస కర్ర

1968 జనవరిలో ఒక ఆదివారం, బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో, వీణలు చేసే అప్పలసూరి ఇంటి అరుగు మీద, గౌరి తనది పుర్రచేతి వాటమని అత్తగారి ముందు చెప్పింది. పెళ్ళయిన మూడేళ్ళలో అత్తింటి పెద్దల దగ్గర ఆ మాట అనడం అదే మొదటిసారి. చెప్పవలసి వచ్చింది ఒక రైఫిలు వల్ల.

గౌరి పుట్టిల్లు పొందూరు. తండ్రి జగన్నాధం ఖద్దరు వ్యాపారి. ఆమె విజయనగరంలో హాస్టల్లో ఉండి బి.ఏ. చదివింది. అక్కడ ఎన్.సి.సి.లో చేరి పాయింట్ టూటూ రైఫిలు కాల్చడం నేర్చుకుంది. రైఫిలు కాలేజీది. చదువు అయిపోయింది, పెళ్ళయింది, కాల్చడం ఆగిపోయింది.

భర్త సీతారామారావుకి విజయనగరంలోనే గంటస్తంభం దగ్గర ఇత్తడి సామాన్ల దుకాణం ఉంది. ఇంట్లో తల్లి నారాయణమ్మ, వీళ్ళిద్దరూ. 1967 వేసవిలో ఒకరోజు, గౌరితో చదువుకున్న పద్మకుమారి ఆ ఇంటికి వచ్చి ఒక కబురు చెప్పింది. వచ్చే ఫిబ్రవరిలో విశాఖపట్నంలో రాష్ట్ర రైఫిలు జట్టుకి ఆడవాళ్ళ ఎంపిక ఉంది. ఎవరి రైఫిలు వాళ్ళే తెచ్చుకోవాలి.

పద్మకుమారి వెళ్ళాక సీతారామారావు అడిగాడు.

"నీకు వెళ్ళాలనుందా?"

"రైఫిలు లేదు కదండీ."

"నేనడిగింది రైఫిలు గురించి కాదు."

"ఉంది," అంది గౌరి.

లైసెన్సుకి ఆమె పేరు మీద దరఖాస్తు పెట్టారు. ఆ ఏడాది మన్యంలో గొడవలు మొదలయ్యాయి. తుపాకీ అడిగిన వాళ్ళందరి మీదా విచారణ ఎక్కువైంది. ఒక పోలీసు జమేదారు దుకాణానికి వచ్చి, బిందెల మధ్య కూర్చుని, తుపాకీ ఎందుకని అడిగాడు.

"పోటీకండి," అన్నాడు సీతారామారావు.

"ఎవరితో పోటీ?"

"కాగితంతోనండి. గోడకి అంటించిన కాగితాన్ని కాలుస్తారు."

"కోమట్ల కోడలు, ఖద్దరు కొట్టు వాళ్ళ పిల్ల. తుపాకీ పట్టుకుంటాదా!" అని జమేదారు నవ్వి, రాసుకుని వెళ్ళిపోయాడు. లైసెన్సు దసరా దాటాక వచ్చింది.

పోటీ రైఫిలు కొత్తది దొరకలేదు. విదేశాల నుంచి రావడం ఎప్పుడో తగ్గిపోయింది. విశాఖపట్నంలో తుపాకుల దుకాణం నరసింగరావు దగ్గర ఒక రైఫిలు ఉంది. భుజానికి ఆనించే దాని కర్రంతా చెదలు తినేసింది. గొట్టమూ, గుండు పెట్టి మూసే బోల్టూ, ట్రిగ్గరూ బాగున్నాయి.

"ఇనుముకి పూచీ నాది. కర్ర సంగతి చెదపురుగుల్నే అడగాలి," అన్నాడు నరసింగరావు. కర్ర ఎక్కడైనా చేయించుకు రమ్మన్నాడు. వెనక వైపు గురి చూసే ముక్క కూడా లేదు. నౌపడలో ఉప్పు ఆఫీసులో పనిచేసి రిటైరైన, ఒకప్పుడు పోటీలకి కాల్చిన బంగారురాజు దగ్గర ఒకటి ఉండొచ్చని చెప్పాడు. గొట్టం, బోల్టు, ట్రిగ్గరు లైసెన్సులో ఎక్కించి, కర్ర వచ్చేదాకా తన దగ్గరే ఉంచాడు.

డిసెంబరులో భార్యాభర్తలు నౌపడ వెళ్ళారు. బంగారురాజు ఆ ముక్కను మెత్తటి గుడ్డలోంచి తీశాడు. ఇనప రేకు, దాని మధ్య ఒక బెజ్జం, పక్కన తిప్పే మరలు రెండు.

"నా కళ్ళకి శుక్లాలొచ్చేయమ్మా. దీన్తో నాకింక పనిలేదు. చూడు, ఎలా ఉన్నాదో," అని గౌరి చేతికిచ్చాడు.

గౌరి వసారాలోకి వచ్చి, దాన్ని కంటికి పెట్టుకుని, దూరంగా ఉప్పుమళ్ళ గట్టు మీదున్న కుప్పల వైపు చూసింది. ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి చూపు తిప్పుకుంటూ చాలాసేపు నిలబడింది. సీతారామారావు పక్కనే ఉన్నాడు. ఆమె మూసుకున్నది కుడి కన్ను.

తిరుగు రైల్లో ఆ పెట్టెలో వాళ్ళిద్దరు తప్ప ఎవరూ లేరు.

"గౌరీ, అది ఏ కంటికి పెట్టుకున్నావు?"

గౌరి ఆ ముక్కను మళ్ళీ గుడ్డలో చుట్టింది.

"కాలేజీలో ఎడమ కంటికి చేతిరుమాలు కట్టుకుని కాల్చేదాన్నన్నావు. అందరూ అలాగే కడతారనుకున్నాను."

"అందరూ కట్టరండి."

"మరి?"

"అక్కడ అందరూ కుడి భుజానికే పెట్టాలి. నా ఎడమ కన్ను ఊరుకోదు. గురి పక్కకి పోతుంది. అందుకని కట్టేసేదాన్ని. నాది పుర్రచేతి వాటం. చిన్నప్పుడు నాన్న ఆ చేతికి గుడ్డ కట్టి మాన్పించేరు. పెళ్ళిచూపుల్లో అత్తయ్య అడిగేరు, కుడిచేతి వాటమేనా అని. నాన్న అవునన్నారు."

సీతారామారావుకి ఆ ప్రశ్న గుర్తుంది. తల్లి ఏ సంబంధానికి వెళ్ళినా అడిగేది. ఎడమచేతి వాటం పిల్ల దీపం పెడితే వ్యాపారం నిలవదని ఆమె నమ్మకం.

"చెయ్యి మీ నాన్న కట్టేరు. కన్ను నువ్వే కట్టుకున్నావు," అన్నాడు.

"అత్తయ్యకి చెప్పకండి. నన్ను ఏమన్నా పడతాను. నాన్నని అబద్ధాలకోరు అంటే వినలేను."

"నేను చెప్పను. కానీ కర్ర చేసేవాడు ఏ భుజమని అడుగుతాడు. నువ్వు కుడి అంటే కుడే. రైఫిలు నీది."

కర్ర ఎవరు చేస్తారని సీతారామారావు ఊళ్ళో వడ్రంగుల్ని అడిగాడు. ఇద్దరు తమవల్ల కాదన్నారు. వీణ కొనడానికి బొబ్బిలి వెళ్తూ, దారిలో దుకాణంలో ఇత్తడి దీపాలు చూడ్డానికి ఆగిన ఒక మేష్టారు గొల్లపల్లి అప్పలసూరి పేరు చెప్పాడు. ఒకే మాను తొలిచి వీణ తీసే మనిషి తుపాకీ కర్ర తియ్యలేడా అన్నాడు.

జనవరిలో బొబ్బిలి ప్రయాణం కట్టేసరికి నారాయణమ్మ తానూ వస్తానంది. వేణుగోపాలస్వామి దర్శనం చేసుకుని చాలాకాలమైందట.

"గొల్లపల్లికి నడవాలమ్మా," అన్నాడు కొడుకు.

"నాకు కాళ్ళు లేవేటి?"

దర్శనం అయ్యాక ముగ్గురూ గొల్లపల్లి వెళ్ళారు. అప్పలసూరి అరుగు మీద సగం చెక్కిన వీణ కుండలు, నాదం పలికే గుండ్రటి బుర్రలు, ఉన్నాయి. సంగతి విని అతను గౌరిని, సీతారామారావుని మార్చి మార్చి చూశాడు.

"సరస్వతమ్మ సేతిలో ఈణ సూసేను గానీ తుపాకీ సూడలేదు బాబూ. ఇదీ మోగుతాదా?"

"మోగుతాది. ఒకటే స్వరం," అన్నాడు సీతారామారావు.

"అయితే నేర్సుకోడం తేలికే," అని నవ్వి, లోపల్నుంచి ఒక పనస దుంగ దొర్లించుకొచ్చాడు. ఏళ్ళ తరబడి ఆరింది. తుపాకీ కర్రకి సరిపడా పొడుగున్నది అదొక్కటే మిగిలిందన్నాడు. మిగతావి వీణలకి ఒప్పుకున్నాడు. నరసింగరావు గీసిచ్చిన కాగితం చూసి, పురికొసతో గౌరి చెయ్యి కొలిచాడు, మెడ కొలిచాడు. చెంప ఆనే చోటు ఒక పక్కకి చెక్కితే మరి రెండో పక్కకి మార్చడం కుదరదని చెప్పాడు. సుద్దముక్క తీసి దుంగ పక్కన కూర్చున్నాడు.

"ఏ బుజమమ్మా?"

"కుడి బుజం. అదీ అడగాలేటి?" అంది నారాయణమ్మ.

అప్పలసూరి దుంగను తిప్పాడు. సీతారామారావు వీధి వైపు చూస్తున్నాడు.

"ఎడమ," అంది గౌరి.

"ఏటన్నావు?"

"ఎడమ భుజం, అత్తయ్యా. నాది పుర్రచేతి వాటం. ఆరోజు నాన్న మీకు అబద్ధం చెప్పేరు. నేను పక్కనే ఉన్నాను. నేనూ ఊరుకున్నాను."

అప్పలసూరి సుద్దముక్క కింద పెట్టి, మజ్జిగ తెస్తానని లోపలికి వెళ్ళాడు.

"నువ్వు ఎరగవేట్రా?" అని నారాయణమ్మ కొడుకుని అడిగింది.

"తెలుసమ్మా."

"ఎప్పుట్నుంచి?"

"నౌపడ నుంచి."

"నౌపడలో తెలిసినోడివి ఇజీనగరంలో సెప్పడానికి నోరు రాలేదేటి?"

గౌరి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తి, ఏ చెయ్యో చూసుకుని, మళ్ళీ దించేసింది. నారాయణమ్మ అది చూసింది.

మజ్జిగ వచ్చింది. నారాయణమ్మ తాగలేదు.

"పుర్రసేతోలకి ఈణ సేస్తావేటి నువ్వు?" అని అప్పలసూరిని అడిగింది.

"అడిగితే సేస్తానమ్మా. ఇంతవరకూ ఎవులూ అడగలేదు."

"ఆ పిల్ల అడిగింది గదా. సెయ్యి," అని మెట్లు దిగింది.

మర్నాడు ఉదయం నారాయణమ్మ ఒక్కతే పొందూరు బయల్దేరింది. వద్దని గౌరి కాళ్ళకి అడ్డం పడబోయింది. సీతారామారావు భార్యని ఆపాడు.

పొందూరులో వియ్యాలవారి మధ్య జరిగినదంతా ఎవరికీ తెలియదు. జగన్నాధం తర్వాత కూతురికి చెప్పింది కొంతే. నారాయణమ్మ గుమ్మంలోనే నిలబడి, "అన్నయ్యగారూ, నా మొహం మీదే అబద్ధం ఆడేరు," అంది. ఆయన అవునన్నాడు. లోపలికి రమ్మన్నాడు. ఆమె వచ్చి పీట మీద కూర్చుంది.

"ఆ సేతికి ఏటి కట్టేరు?"

"గుడ్డ, చెల్లెమ్మా. మెత్తటిదే."

"ఎన్నేళ్ళప్పుడు?"

"ఐదో ఏట."

"ఏడిసిందా?"

"ఏడిచింది."

"మరి మీరు?"

దానికి తానేం చెప్పాడో జగన్నాధం కూతురికి చెప్పలేదు. నారాయణమ్మ అక్కడ భోంచేసి సాయంత్రం రైలుకి తిరిగొచ్చింది. గౌరి వంటింట్లో ఉంది.

"దేవుడి గదిలో కుడి సెయ్యి. వడ్డించినప్పుడు కుడి సెయ్యి. మిగిలింది నీ ఇష్టం," అంది.

"అట్లకాడ?" అన్నాడు సీతారామారావు గుమ్మంలోంచి.

"అట్లకాడకి ఏ సెయ్యైతే ఏట్రా. అట్టు మాడకూడదు, అంతే."

గౌరి పొయ్యి దగ్గర కూర్చుని ఏడిచింది. నారాయణమ్మ పొయ్యిలోంచి ఒక పుల్ల వెనక్కి లాగి, పప్పు గిన్నె దించి, అక్కడే కూర్చుంది.

జనవరి ఆఖరుకి కర్ర వచ్చింది. నరసింగరావు గొట్టాన్ని అందులో కూర్చాడు, బంగారురాజు ఇచ్చిన ముక్క బిగించాడు. బోల్టు కుడివైపే ఉంది. దానికి మార్గం లేదన్నాడు. ఎడమ భుజానికి ఆనించిన మనిషి కుడి చేత్తో బోల్టు లాగి, మూసి, మళ్ళీ ఎడమ చేత్తో ట్రిగ్గరు పట్టుకోవాలి. గౌరి ఇంటి పెరట్లో చాప వేసుకుని, గుండు లేని రైఫిలుతో రోజూ అదే చేసేది. ఒకనాడు నారాయణమ్మ చెంబుతో వచ్చి ఆగిపోయింది.

"ఒసే, ఆ గొట్టం అటు తిప్పు. నేను తులసమ్మకి నీళ్ళు పొయ్యాలి."

"గుండు లేదత్తయ్యా."

"లేకపోతే తిప్పకూడదేటి?"

గౌరి తిప్పింది. నారాయణమ్మ నీళ్ళు పోసి, అక్కడే మెట్టు మీద కూర్చుని చూసింది. కోడలి ఎడమ కన్ను తెరుచుకుని ఉంది. చేతిరుమాలు లేదు.

ఫిబ్రవరిలో ఎంపిక పోటీకి ముగ్గురూ విశాఖపట్నం వెళ్ళారు. పోటీలో దిగిన ఆడవాళ్ళలో ఎడమ భుజానికి పెట్టి కాల్చింది గౌరి ఒక్కతే. పర్యవేక్షకుడు వచ్చి, పొరపాటున అలా పట్టుకుందేమోనని అడిగాడు.

"పొరపాటు కాదు బాబూ, ఆ కర్రే అలాగ సేయించేం," అంది తాడు వెనక నుంచి నారాయణమ్మ.

మొదటి విడతలో గౌరి గుళ్ళు నల్ల చుక్కకి పైన పడ్డాయి. ఆమె బంగారురాజు ముక్క మర ఒకటి తిప్పింది. రెండో విడతలో అన్నీ నల్ల చుక్కలో పడ్డాయి. సాయంత్రం ఫలితాలు చదివారు. గౌరిది నాలుగో స్థానం. రాష్ట్ర జట్టుకి ముగ్గుర్ని తీసుకున్నారు. నాలుగో మనిషిని అదనంగా రాసుకున్నారు, ఎవరైనా రాలేకపోతే పిలుస్తామన్నారు.

"మళ్ళీ ఎప్పుడు పెడతారు ఇది?" అని నారాయణమ్మ పర్యవేక్షకుణ్ణి అడిగింది.

"వచ్చే ఏడండి."

తిరుగు రైల్లో జనం ఎక్కువగా ఉన్నారు. సీతారామారావుకి కూర్చోడానికి చోటు దొరకలేదు. గౌరి కిటికీ పక్కన నిద్రపోయింది. రైఫిలు సంచిని నారాయణమ్మ ఒళ్ళో అడ్డంగా పెట్టుకుంది. ఎదురు బల్ల మీది ఆవిడ అది వీణా అని అడిగింది.

"కాదు. మా కోడలి రైఫిలు," అంది నారాయణమ్మ. విజయనగరంలో దిగేదాకా దాన్ని కొడుక్కి ఇవ్వలేదు.